గోలీకి ముందు చెప్పవలసిన మాట

నిజామాబాదు పట్టణమున ఖలీల్‌వాడి వీథులలో ఉదయము పది గంటల వేళ కాసేపు నిలిచి చూచినవారికి, బోధను, ఎడపల్లి, రెంజలు, వర్ని, కోటగిరి వైపునుండి తొలి బస్సులలో వచ్చి, పాత మందుచీటీలును రక్తపరీక్షల కాగితములును ప్లాస్టిక్ సంచిలో భద్రముగా చుట్టి పెట్టుకొని, ఆసుపత్రి మెట్లమీద తమ పేరు పిలుచుటకై ఎదురుచూచుచున్న స్త్రీలు పదులకొలది కనబడుదురు. వారిలో పలువురి నోట తరుచుగా వినవచ్చు మాట ఒకటి యున్నది: "థైరాయిడ్ ఉన్నది సార్, గోలీ ఏసుకుంటున్న, అయినా పానం బాగుంటలేదు." ఈ మాటలోని మొదటి సగమునకు మన వైద్యము చక్కని సమాధానమే కనిపెట్టినది. రెండవ సగమును వినుటకు మాత్రము దానికి తీరిక చిక్కుట లేదు. ఆ తీరిక లేమివలన కలుగు నష్టము ఎంతటిదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

థైరాయిడ్ గ్రంథి మందగించినవారు మనలో కొద్దిమంది కారు. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరములలో ఐదువేల పైచిలుకు పెద్దలను పరీక్షించి 2013లో ప్రకటించిన ఒక అధ్యయనములో నూటికి సుమారు 11 మందికి ఈ మాంద్యము కనబడినది. సముద్రతీర నగరములకంటె లోపలి నగరములలో అది ఎక్కువగా నుండుటయు అందు తేలినది. వీరికి ఇచ్చు మందు లీవోథైరాక్సిన్. 1914వ సంవత్సరము క్రిస్మస్ నాడు అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ అను రసాయనవేత్త గ్రంథినుండి వేరుచేసిన థైరాక్సిన్ అను పదార్థమును, 1927లో హారింగ్టన్, బార్గర్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో నిర్మించి చూపిరి. మన శరీరము తానుగా తయారుచేసికొను రసమునకును, నేడు మందుల దుకాణములో చిన్న డబ్బాలో అమ్ము మాత్రకును రసాయన దృష్టిలో భేదము లేదు. కావుననే ఈ మాత్రకు పరాయి మందులకుండు దుష్ఫలితములు బహు స్వల్పము. దానిమీద మనము మోపు నిందలలో అధికభాగము మోతాదుకు సంబంధించినవి.

మోతాదు మించినప్పుడు గుండె దడదడలాడును, చేతులు వణకును, నిద్ర పట్టదు, చెమటలు పోయును, తిన్నను బరువు తగ్గును. ఏండ్లతరబడి మించినచో ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారును, వృద్ధులలో గుండె లయ తప్పును. మోతాదు చాలనప్పుడు బడలిక, మలబద్ధము, చలికి తాళలేమి, ఒళ్లు బరువెక్కుట, జుట్టు రాలుట, మనసు మొద్దుబారుట యథాప్రకారము సాగుచుండును. మందు మొదలుపెట్టిన తొలిమాసములలో జుట్టు మరికొంత రాలుట కూడ కద్దు. అది తాత్కాలికమని ముందుగా చెప్పినవారు లేకపోవుటచేత, దువ్వెనలో చిక్కిన జుట్టును చూచి డబ్బాను పారవేసినవారున్నారు. ఇంకొక సంగతి. థైరాక్సిన్ దేహములో సగమునకు తగ్గుటకే సుమారు ఒక వారము పట్టును గనుక, నిజాంసాగరు తూము ఎత్తిన నాడే చివరి ఆయకట్టు మళ్లలో నీరు నిలువనట్లు, మోతాదు మార్చిన ఫలితము ఆరు వారములు గడచినగాని రక్తములో స్థిరపడి కనబడదు. పది దినములలో గుణము కనబడలేదని వైద్యుని మార్చి, ఆ వైద్యుడు మోతాదు మార్చి, ఆరు వారములు నిండకుండగనే పరీక్ష చేయించి, ఆ అంకెను నమ్మి మరల మార్చు చక్రములో చిక్కినవారు గోలీని తిట్టుట సహజమే గాని న్యాయము కాదు.

ఎడపల్లి దాపున ఒక ఇంటిలో చూచిన దృశ్యము ఈ చిక్కునకు మూలమును స్పష్టము చేసినది. బీడీలు చుట్టు ఇల్లాలు తెల్లవారకముందే లేచి, పొయ్యిమీద చాయ్ మరిగించి, గూటిలోని పాత హార్లిక్స్ సీసా దించి, దానిలోనుండి థైరాయిడ్ గోలీ, ఎర్రని ఐరన్ గోలీ, తెల్లని పెద్ద కాల్షియం గోలీ, గ్యాస్ గోలీ, బి-కాంప్లెక్స్ గోలీ ఒక్కొక్కటి తీసి అరచేతిలో పోసికొని, చాయ్ గ్లాసుతో ఒక్క గుక్కలో మ్రింగినది. "ఉత్త కడుపుల ఏసుకుంటె తిప్పుతదని చాయ్‌తోని ఏసుకుంటున్న," అని ఆమె సమాధానము. పిమ్మట తడిపి ఉంచిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చాటను ఒడిలో పెట్టుకొని, తంబాకు పోసి చుట్టి, దారము కట్టి, మొన మడుచుచు మధ్యాహ్నము వరకు ఆ వసారా నీడను వీడలేదు. ఆ అరచేతిలోని ఐదు మందులును వైద్యులు వ్రాసినవే; ఒక్కొక్కటి వేరువేరుగా చూచిన ప్రతిదియు ఉచితమైనదే. అన్నియు కలిసి ఒక్కమారు కడుపులోనికి పోయినప్పుడు మాత్రము ఐరనును కాల్షియమును థైరాక్సిన్‌ను పట్టుకొని పేగులలో ఇంకనీయవు. కాఫీయు, పాలు కలిసిన పానీయములును దానిని మరికొంత అడ్డగించును. ఇట్లు సగము మందు వ్యర్థమైపోగా, పరీక్షలో టీఎస్‌హెచ్ అంకె, అనగా మందు చాలనప్పుడు రక్తములో పెరుగు అంకె, దిగిరాలేదని మోతాదు పెంచుదురు. ఒకనాడు ఏ కారణముచేతనో ఐరన్ గోలీలు అయిపోయిన యెడల అదే పెద్ద మోతాదు పూర్తిగా ఒంటబట్టి గుండెదడ పుట్టును. దీనిని మనము గోలీ పడలేదందుము.

ఆచరింపవలసిన విధి చాల సులభము. థైరాయిడ్ మాత్రను పరగడుపున ఒట్టి నీటితో వేసికొని, చాయ్‌కి గాని అల్పాహారమునకు గాని కనీసము అరగంట, వీలైన గంట, ఆగవలెను. ఐరన్, కాల్షియం మాత్రలను నాలుగు గంటల తరువాత వేసికొనవలెను. ఉదయమున ఇది కుదరనివారు, అనగా తెల్లవారుజామున చెరకుతోటకు బయలుదేరువారు, రంజాను మాసములో సహర్, ఇఫ్తార్‌ల నడుమ ఉపవాసముండువారు, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకొనబోవు ముందు వేసికొనినను మందు చక్కగానే పనిచేయునని పరిశోధనలు చూపినవి. ఈ మార్పును వైద్యునితో ఒక్కమాట చెప్పి చేసికొనుట మంచిది. ఏది యెంచుకొన్నను దినదినము అదే వేళ పాటింపవలెను. డబ్బాను పొయ్యిగట్టున గాని కిటికీలో గాని పెట్టరాదు. ఎండకాలములో 44, 45 డిగ్రీలు సామాన్యమైన మన జిల్లాలో వేడికి, తేమకు, వెలుతురుకు ఈ మాత్ర సారము కోల్పోవునను సంగతి పట్టణవాసులకే తెలియదు, పల్లెవారిని ఏమనగలము?

గర్భిణుల విషయము మరింత శ్రద్ధతో చెప్పవలసినది. గర్భము ధరించిన తొలి మాసములలో శిశువు మెదడు పెంపునకు కావలసిన థైరాక్సిన్ తల్లి రక్తమునుండియే రావలెను. అప్పుడామెకు కావలసిన మోతాదు సుమారు నాలుగింట ఒక వంతునుండి మూడింట ఒక వంతు వరకు పెరుగును. ఆ గర్భకాలములోనే, ఉపకేంద్రములో ఏఎన్ఎం ఆమెకు ఐరన్, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలను, రెండు పూటల కాల్షియమును చేతబెట్టును. ఇవ్వవలసినవే; ఇచ్చుట మానుమని నేను చెప్పుట లేదు. కాని వేళలు విడదీసి చెప్పనిచో, ఎక్కువ మందు కావలసిన నెలలలోనే తక్కువ మందు అందును. "కడుపుతో ఉన్నప్పుడు ఇన్ని గోలీలు వద్దు" అని అత్తగారో పొరుగువారో చెప్పిన మాట విని థైరాయిడ్ గోలీనే ఆపివేయు కోడండ్రు కలరు. ఇంతకంటె ప్రమాదకరమైన హితవు మరియొకటి లేదు.

ఇక విటమినుల సంగతి. థైరాయిడ్ గోలీ సరిగా వేసికొని, టీఎస్‌హెచ్ అంకె కుదుటబడినను నీరసము తీరనివారిలో రక్తహీనతయో, బి-12 లోపమో, విటమిన్ డి లోపమో దాగియుండుట అరుదు కాదు. మనకు కనబడు థైరాయిడ్ మాంద్యములో పెద్దభాగము శరీర రక్షణశక్తి తన గ్రంథినే శత్రువుగా నెంచి దెబ్బతీయుటవలన కలుగునది. 1912లో హషిమోటో అను జపాను వైద్యుడు వర్ణించినది ఈ వ్యాధినే. అట్టివారిలో కొందరికి జీర్ణకోశము మీదను అదే దాడి జరిగి బి-12ను ఇంకించుకొను శక్తి నశించును. దానికి తోడు చక్కెరవ్యాధికి వాడు మెట్‌ఫార్మిన్ కూడ ఏండ్లమీద బి-12ను తగ్గించును. మన ఊళ్లలో అడుగడుగునను దొరకు గ్యాస్ గోలీ, అనగా పాంటాప్రజోల్ వంటిది, కడుపులోని ఆమ్లమును తగ్గించి ఇటు బి-12ను, అటు థైరాక్సిన్‌ను రెంటిని ఇంకనీయకుండ చేయును. ఏ పరీక్షయు లేక, ఏ గడువును లేక నెలలకొలది ఇంటింట వాడబడుచున్న మందులలో దీని వలె నిర్లక్ష్యముగా వాడబడునది లేదని నేననుకొందును. బి-12 లోపించినప్పుడు వ్రేళ్ల కొనలు తిమ్మిరెక్కి స్పర్శ మొద్దుబారును. వేయి బీడీల లెక్కన కూలి అందుకొను స్త్రీకి వ్రేళ్ల స్పర్శయే జీవనాధారమను సంగతి, పరీక్షల కాగితములో ఎక్కడను వ్రాసి యుండదు.

ఈ సందర్భమున మన తెలుగువాడొకడు జ్ఞప్తికి వచ్చుట సహజము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనములో స్ప్రూ అను పోషకలోప వ్యాధితో మరణముఖము వరకు పోయి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సచే కోలుకొని, అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో తన సహచరులతో 1945లో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించెను. స్ప్రూ రోగులకు అది ప్రాణదాత యైనది. అయితే బి-12 లోపమువలన కలిగిన రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లము రక్తమును బాగుచేయునే గాని నరముల క్షయమును ఆపలేదని వైద్యులు కొలది కాలములోనే గ్రహించిరి. బి-12 స్ఫటికములు చేజిక్కినది 1948లో, సుబ్బారావు కన్నుమూసిన సంవత్సరమే. రక్తము తక్కువున్నదని ఐరన్, ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఏండ్లతరబడి వాడి, తిమ్మిర్ల ఊసు ఎత్తనివారి పాలిటికి ఈ పాఠము నేటికిని పాతబడలేదు. అన్నట్లు, ఐరన్ లోపించిన దేహములో థైరాయిడ్ గ్రంథి కూడ తన రసమును సరిగా తయారుచేయలేదు. ఒక కొఱతను విడిచి మరియొక కొఱతకు మందు వేయుట ఎందుకు ఫలింపదో దీనివలన తెలియును.

విటమిన్ డి మాట చెప్పబోవునప్పుడు నా కలము కొంత కఠినమగును. దినమంతయు నీడపట్టున చాట ముందు కూర్చుండు స్త్రీలకు, పరదాలో నుండువారికి, దుకాణములలోను కార్యాలయములలోను ప్రొద్దు గడపువారికి ఆ లోపము కలుగుట యథార్థమే. తగినవారికి అరవై వేల యూనిట్ల పొడి ప్యాకెట్టునో గోలీనో వారమునకు ఒకటి చొప్పున ఎనిమిది వారములు ఇచ్చుట వాడుకలో నున్న చికిత్స. కాని "వారమునకు" అను మాటను వైద్యుడు మెల్లగా పలుకకపోవుటచేతను, చీటీమీద ఇంగ్లీషు గీతలు చదువరాకపోవుటచేతను, దానిని దినమునకొకటిగా సేవించినవారు దేశమునందు పలుచోట్ల ఆసుపత్రి పాలైనారు. రక్తములో కాల్షియం మితిమీరగా వాంతులు, అధిక దాహము, మలబద్ధము, మతిభ్రమ కలిగి మూత్రపిండములు దెబ్బతినును. నీళ్లలో కరగు విటమినులవలె ఇది మూత్రములో పోదు; కొవ్వులో నిలిచి మాసములు బాధించును. విటమిన్ డి వలన థైరాయిడ్ నయమగునని ప్రచారము చేయువారు పెరిగినారు గాని, అది ఇంతవరకు ఋజువు కాలేదు. పల్లెలలో "తాకత్ గోలీలు", "తాకత్ సూదులు" అని అడిగి మరీ వేయించుకొను అలవాటు మనకున్నది; అడిగినవారికి కాదనక ఇచ్చువారును ఉన్నారు. ఎవరి నీరసమునకు ఏది కారణమో విచారింపక అందరికి ఒకే మూట కట్టి ఇచ్చుట వైద్యము కాదు, వ్యాపారము.

ఇట్లన్నందున విటమిను లోపములన్నియు మందుల కంపెనీల కల్పన యని నేను చెప్పుచున్నానని తలపరాదు. దక్కను పల్లెలలో జొన్నలే ముఖ్యాహారముగా నున్న పేదలను పెల్లాగ్రా అను విటమిన్ లోపవ్యాధి వేధించుచుండగా, ఆ జొన్నలలో అధికముగా నుండు లూసిన్ అను పదార్థమునకు దానితో సంబంధము ఉండవచ్చునని 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య అను హైదరాబాదు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వారు పనిచేసిన జాతీయ పోషకాహార సంస్థను 1918లో కూనూరులో ఆరంభించిన మెక్‌కారిసన్, అంతకుముందు గిల్గిత్ కొండలలో గొంతువాపు రోగమును శోధించినవాడే. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు వచ్చినది. గ్రంథిని, అన్నమును కలిపి చూచుట ఈ దేశమున వందేండ్ల పాతదగు విద్య. ఆ పెద్దలు అనుసరించిన మార్గము, రోగి కంచములో ఏమున్నదో మొదట చూచుట. 1937లో శక్కర్‌నగరులో వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన పిదప, చెరకు తగ్గి వరి విస్తరించిన ఈ ఆయకట్టులో, పల్లెటూరి కంచములో తెల్లన్నమే రాశి పోసియుండును. గుడ్డు, పెరుగు, చేప, ఆకుకూర ఆ కంచములో ఎన్నాళ్లకొకసారి కనబడునో అడుగక వ్రాసిన విటమిన్ చీటీకి అర్థమేమున్నది?

పరీక్షల విషయమునను జాగ్రత్త కావలెను. జుట్టుకు, గోళ్లకు మంచిదని అమ్ము మాత్రలలో అధిక మోతాదులో ఉండు బయోటిన్, కొన్ని యంత్రములలో థైరాయిడ్ పరీక్షను తారుమారు చేసి, లేని మితిమీరుడును చూపును. కావున పరీక్షకు రెండు దినముల ముందు దానిని మానవలెను. టీఎస్‌హెచ్ అంకె కొద్దిగా పెరిగిన ప్రతివారికిని జీవితాంతము గోలీ అక్కరలేదు. సగటున డెబ్బదినాలుగేండ్ల వయసున్న 737 మంది వృద్ధులమీద ఐరోపాలో జరిపి 2017లో ప్రకటించిన ట్రస్ట్ అను పరిశోధనలో, అట్టి స్వల్ప మాంద్యమునకు మందు వేసినవారికిని వేయనివారికిని బడలికలో భేదము కనబడలేదు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేర ప్రభుత్వము ఉచితముగా చేయించు పరీక్షలలో థైరాయిడ్ పరీక్షయు నున్నది. వాడుకొనవలసినదే, కాని అంకెతోబాటు మనిషిని చూచు వైద్యుడును ఆవల నుండవలెను.

గ్రంథి మందగించక వేగము హెచ్చినవారికి ఇచ్చు కార్బిమజోల్ వేరు మందు. దానికి నిజముగనే దుష్ఫలితము కలదు. అరుదుగా, ఎక్కువగా తొలి మూడు నెలలలో, అది తెల్లరక్తకణములను ప్రమాదకరముగా తగ్గించును. ఆ మందు వాడువారు జ్వరముతో గొంతునొప్పి వచ్చిన నాడే, ఊరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకొని ఊరకుండక, గోలీ ఆపి, రక్తపరీక్ష చేయించుకొనవలెను. ధనియాల కషాయము, అయోడిన్ లేని సైంధవ లవణము మొదలగు వాట్సాప్ చికిత్సల గూర్చి వ్రాయుటకు స్థలము వ్యర్థము చేయను. వానిని నమ్మి ఉన్న మందు మానకుండిన చాలును.

జిల్లా వైద్యాధికారులకు, ఖలీల్‌వాడి వైద్యులకు, పట్టణములోను బోధనులోను నున్న మెడికల్ దుకాణముల యజమానులకు నా విన్నపము ఇంతియే. థైరాయిడ్ డబ్బాతో పాటు తెలుగులోను ఉర్దూలోను ముద్రించిన ఒక చిన్న చీటీ ఇప్పించుడు. ముద్రణ వీలుకానిచో పెన్నుతో డబ్బామీదనే వ్రాసి ఇండు: ఉదయము పరగడుపున నీళ్లతో. చాయ్ అరగంట తరువాత. ఐరన్, కాల్షియం నాలుగు గంటల తరువాత. గర్భిణియైన మానరాదు, వెంటనే వైద్యునికి చెప్పవలెను. విటమిన్ డి వారమునకు ఒక్కటే. చదువురానివారికి ఏఎన్ఎం గాని ఆశా కార్యకర్త గాని ఇంటికి పోయినప్పుడు గూటిలోని సీసా దింపించి, ఏ గోలీ ఏ వేళకో వేరుచేసి చూపవలెను. దీనికి కొత్త యంత్రము అక్కరలేదు, కొత్త పథకము అక్కరలేదు. మనిషికి ఐదు నిమిషములు పట్టును.